తిట్లకు కరువొచ్చిన తరగతి

"గౌరీశ్వరి గారూ, దయచేసి కూర్చోండి," అన్నారు సత్యవేణి టీచరు.

ఐదో తరగతి మొత్తం బిక్కచచ్చిపోయింది. గౌరీశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ మీది తెరపై ఆ పిల్ల సంతోషాన్ని చూపే ఆకుపచ్చ గీత జారి అడుగంటింది.

సముద్రం పైకి రావడంతో భీమిలి పట్నం కొండ మీదికి మారింది. ఇళ్లూ, బడీ అన్నీ కొత్తవే. సత్యవేణి టీచరు నోరు మాత్రం పాతదే. చెయ్యి ఎవరి మీదా ఎత్తరు గానీ, తిట్టందే ఆవిడకి పాఠం నడవదు. ఒకడు జిడ్డుమొహం, ఒకతె గాలిదుమారం, ఇలా క్లాసులో అందరికీ ఆవిడ పెట్టిన పేర్లున్నాయి. విద్యాశాఖ పైవాళ్లకి ఇది నచ్చలేదు. ఇకమీదట బహుమతులూ శిక్షలూ ఒక కొత్త మెషీన్ చూసుకుంటుందనీ, తిట్లు హాని చేస్తున్నాయని అది తేలిస్తే టీచర్ని క్లాసు మాన్పించి స్టోర్‌రూముకి పంపుతామనీ అన్నారు. అందుకే ఈ కొత్త మర్యాద.

మెషీన్ని తెచ్చిన సైంటిస్టు ఉత్పలకి ఇదే మొదటి ప్రయోగం. అది పనిచేసే తీరు అంత కష్టమైందేమీ కాదు. మనకి నచ్చింది దొరికినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం పెరుగుతుంది. నుదుటికి కట్టిన సెన్సర్ పట్టీ దాన్ని పసిగడుతుంది. ఎవరికి దేనితో ఎక్కువ పెరుగుతుందో మెషీన్ నేర్చుకుని, బుద్ధిగా ఉన్నప్పుడు అదే ఇప్పిస్తుంది. తగ్గించేదాన్ని శిక్షగా వాడుతుంది. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఉత్పల తన నుదుటికీ ఒక పట్టీ కట్టుకుంది.

చాక్లెట్లకి గీతలు కాస్త లేచాయి. పాటలకీ, స్టార్లకీ కదిలీ కదలనట్టు కదిలాయి. చివరికి టీచరుకి ఓపిక నశించింది.

"ఏటే గాలిదుమారమా, అది జడా, కాకిగూడా? ఇలా రా, అల్లుతాను."

గౌరీశ్వరి గీత తెర పైఅంచుకి తగిలింది.

మెషీన్ తేల్చిన సంగతి ఉత్పల నమ్మలేక మళ్లీ చదివింది. ఈ తరగతికి అన్నిటికన్నా పెద్ద బహుమతి టీచరు తిట్టు. అన్నిటికన్నా పెద్ద శిక్ష టీచరు మర్యాద. ఆ తిట్టునే మెషీన్ చేత అనిపించి చూస్తే పిల్లలు ఆవలించారు. సరే, టీచరు ఉండొచ్చు, కానీ పిల్లలు బుద్ధిగా ఉన్నప్పుడే తిట్టాలి, తిట్టలేకపోతే స్టోర్‌రూమే అన్నారు పైవాళ్లు.

ఇక చూడాలి ఆ క్లాసుని. నున్నటి జడలు, తప్పుల్లేని హోంవర్కు. తిట్టు కోసం అందరూ చేతులు కట్టుకుని కూర్చునేవారు. పాపం, టీచరు నోరు తెరిచేవారు, మాట రాక మూసేసేవారు.

"ఏ తప్పూ చెయ్యని పిల్లని ఎలా తిట్టేది డాక్టరు గారూ?" అన్నారు ఉత్పలతో దిగులుగా. "తప్పు చేస్తేనే కదా నాకు ముద్దొచ్చేది."

ఆ మాటంటూనే ఆవిడ బల్ల వైపు చూశారు. లంచ్ బెల్లు కొట్టి చాలాసేపైనా ఉత్పల టిఫిన్ బాక్సు మూత తియ్యనేలేదు. టీచరు గొంతు లేచింది.

"ఏటే మొద్దూ, ఆ మెషీన్‌కి కరెంటు పెట్టి నువ్వు పస్తుంటావా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ముందు చెయ్యి కడుక్కుని రా."

తెర మీద ఒక గీత పైఅంచు దాటి కనబడకుండా పోయింది. అదెవరిదో పిల్లలకే ముందు అర్థమై కిసుక్కున నవ్వారు. మీరేటర్రా ఇకిలిస్తున్నారని టీచరు వాళ్లనీ పేరుపేరునా అందుకున్నారు. గీతలన్నీ లేచాయి. బుద్ధిగా ఉన్న పిల్లల్ని తిట్టగలిగారు గనక స్టోర్‌రూము గండం గడిచింది. ఉత్పల తలవంచుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. హాస్టళ్లలో పెరిగిన ఆ అమ్మాయిని అన్నం తినలేదని తిట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆమెకి ఏడుపొచ్చింది, హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు లంచ్ బెల్లు కొట్టి చాలాసేపైంది. ఉత్పల టిఫిన్ బాక్సుకి మూత అలాగే ఉంది. టీచరు నడిచే దారివైపు, బాగా కనబడేలా, బల్ల అంచున పెట్టి ఉంది.