లామాంట్‌ని ఇచ్చేస్తే లాభమేనా?

లామాంట్ మొదటిసారి జోసెలిన్ గదిలోకి అడుగుపెట్టింది పోట్లాడ్డానికే.

"ఎడమ పక్క నుంచి నన్ను బంతి వేయనివ్వొద్దని కోచ్‌కి చెప్పింది నువ్వేనా?"

"వేయనివ్వొద్దనలేదు. వేస్తే పడదన్నాను."

పిట్స్‌బర్గ్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆమె పని అదే. ఆటల వీడియోలు చూసి ఏ ఆటగాడి విలువ ఎంతో మేనేజర్‌కి చెప్పాలి. లామాంట్ గుమ్మం తగలకుండా తల వంచుకుని కాసేపు గుర్రుగా చూసి, చివరికి నవ్వేశాడు.

"సరే, చూపించు మరి."

ఆనాటి నుంచి ప్రాక్టీసు అవగానే వచ్చేసేవాడు. చూసే వీడియో ఇంత, చెప్పే కబుర్లు అంత. ఆమె బాక్సులోని పియెరోగీ కుడుములు అడక్కుండానే తినేసేవాడు. ఆమె తిట్టేది, మర్నాడు ఇంకొన్ని ఎక్కువ తెచ్చేది. అంతకు మించి ఒక్క మాట లేదు. జట్టు ఉద్యోగులు ఆటగాళ్లతో ప్రేమలో పడితే ఉద్యోగం ఊడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో జోసెలిన్‌కి ఆ ఏడాదే తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆట మంచి ఊపులో ఉండగా మేనేజర్ హాల్‌స్టెడ్ ఆమెని పై గదికి పిలిచాడు.

"సియాటిల్ వాళ్లు తమ స్టార్‌ని ఇస్తామంటున్నారు. బదులుగా లామాంట్ కావాలట. కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే మన మొదటి అవకాశాలు కూడా రెండు అడుగుతున్నారు. ఇప్పుడే జవాబు చెప్పాలి. ఏమంటావు?"

"ఆ స్టార్‌కి వయసు మీద పడుతోంది సార్. మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. అది తిరగబెడితే కొన్నేళ్లు మనకి చేతిలో ఏమీ మిగలదు. నిలబడితే మాత్రం ఈ సీజన్‌లోనే కప్పు మనది."

"అయితే?"

జోసెలిన్ అద్దంలోంచి కిందికి చూసింది. లామాంట్ ఎవరి మీదో జోకు వేసి తనే నవ్వుకుంటున్నాడు.

"లెక్క ప్రకారం ఇచ్చేయొచ్చు. కానీ ఈ ఒక్క విషయంలో నా మాట మీద ఆధారపడకండి. నాకు లామాంట్ అంటే ఇష్టం. ఉండిపోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్తే మన నియమం అడ్డుండదు కదా అని ఇంకోపక్క ఆశ. ఏది నా తెలివో, ఏది నా ఆశో నాకే తెలియట్లేదు."

హాల్‌స్టెడ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అతనికి తెలుసా?"

"లేదు సార్."

"ఇవి నాతో చెప్పాల్సిన మాటలు కావమ్మాయ్," అని ఆయన ఫోన్ అందుకున్నాడు.

ఆమె కిందికి దిగేసరికి కోచ్ లామాంట్‌ని ఆట మధ్యలోనే వెనక్కి పిలిచాడు. బెంచి మీదివాళ్లు ఒక్కొక్కరే లేచి అతన్ని కౌగిలించుకున్నారు. గెలవకముందే అలా కౌగిలించుకున్నారంటే అర్థం ఒకటే, అతన్ని వేరే జట్టుకి ఇచ్చేశారని. అది జనానికీ తెలుసు. అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. జోసెలిన్‌కి మాత్రం చేతులు లేవలేదు.

బ్యాగు భుజాన వేసుకుని వస్తూ అతను ఆమె దగ్గర ఆగాడు.

"సియాటిల్ అట."

"తెలుసు."

"నిన్ను కూడా అడిగే ఉంటారే. ఏమన్నావు?"

"జట్టుకి లాభమే అన్నాను."

అతని మొహం చిన్నబోయింది. "అంతేలే. రోజూ వీడియోల కోసమే వస్తున్నాననుకున్నావు పాపం."

"జట్టుకి లాభం అన్నాను లామాంట్. నాకు అన్లేదు." "నువ్వంటే నాకు ప్రాణం. మా ఆటగాడివిగా ఉన్నన్నాళ్లూ ఈ మాట నోరు దాటనివ్వలేదు."

అతను బ్యాగు కింద పెట్టేశాడు.

"ఇప్పుడు నేను మీ ఆటగాణ్ణి కాదుగా?"

"కాదు."

"సియాటిల్ దేశానికి ఆ చివర ఉంది, జోసెలిన్."

"ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని నోరు కట్టుకున్నాను. దానికన్నా సియాటిలే దగ్గర."

కారు డ్రైవరు వచ్చి విమానానికి టైమైందన్నాడు. లామాంట్ ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బయట మంచు పడుతోంది. జట్టు ఉద్యోగులంతా చూస్తుండగానే ఇద్దరూ కారు దాకా అలాగే నడిచారు.