చీకట్లో తేటపడ్డ నీళ్ళు

పొడి కోసమే ఆయన్ని పొడిచారు.

చీఫ్ ఫోన్లో పొడిపొడిగానే చెప్పాడు. "సైంటిస్టు పోయాడు. శాంపిల్ పోయింది. మీ బావ కదూ, సారీ."

ఏజెంట్ చీమకు ఏడ్చే తీరిక కూడా లేదు. బావ కనిపెట్టిన జింక్ ఆక్సైడ్ నానో పొడి వేసి వెలుతురు పడేస్తే, అద్దకం నీళ్ళలోని విషపు రంగు విరిగిపోతుంది. దాన్ని కాజేసిన విదేశీ ముఠా ఇప్పుడు కంపెనీ వేషంలో, అసలుది దాచుకుని, ఏదో నకిలీ పొడితో వాటర్ వర్క్స్‌లో డెమో ఇస్తోంది. ఛైర్మన్ నమ్మి వాల్వ్ తిప్పితే ఆ విషం ఊరి కుళాయిల్లోకి. మొదటి కుళాయి అక్కది. ఇంట్లో చంటిపిల్ల.

చీమ పెట్టుడు మీసంతో అటెండరుగా దూరాడు. లోపల మన ఏజెంటు మిస్ మెరుపు తళతళలాడుతోంది. కోడ్ వర్డ్ విసిరాడు.

"రంగు వెలుస్తుందా మేడమ్?"

"ఉతికితే తెలుస్తుంది," అని సరిగ్గానే జవాబిచ్చి, అతని నడుమున దోపుకున్న పిస్టల్ లాగి అతని డొక్కలోనే ఆనించింది. "అరిస్తే మీ బావ దగ్గరికే పంపిస్తా."

నీళ్ళకంటే ముందే మనిషి రంగు మారింది.

బల్లమీద ఎర్రనీళ్ళ జాడీలు రెండు. ఒకదానికి నల్లగుడ్డ కప్పి, పొడి వేసి తిప్పారు. గుడ్డ తీస్తే నీళ్ళు తేట. చప్పట్లు. మెరుపు పిస్టల్ దాచేసి తనూ కొట్టింది.

పక్కనున్న దీపం ఇంకా వెయ్యనేలేదు.

చీమకు మాత్రం వెలిగింది. బావ కూడా ముందు చీకట్లోనే తిప్పేవాడు, రంగు పొడికి అంటుకోవాలని. విరిగేది మాత్రం దీపం వేశాకే. వీళ్ళది ఉత్త తెల్లమట్టి. విషాన్ని మింగి అడుగున ఎర్రగా కూర్చుంది. కదిలిస్తే కక్కుతుంది.

"అయ్యా, రంగు పోలేదు. దాక్కుంది."

అటెండరు మాట ఎవరు వింటారు? గార్డులు రెక్కలు పట్టారు. ఛైర్మన్ తుప్పు పట్టిన వాల్వ్ చక్రాన్ని కిర్రుకిర్రుమని తిప్పడం మొదలెట్టాడు.

మెరుపు చెయ్యి తన చేతిసంచిలోని మేకప్ పౌడర్ డబ్బా మీదికి పోయింది. ఇందాకట్నుంచీ తడుముతోందే గాని, ఒక్కసారీ తెరవలేదు.

మునిగేవాడికి గడ్డిపోచ: బావ పొడి అందులోనే ఉంటే? చీమ విదిలించుకుని డబ్బా లాక్కున్నాడు, రెండో జాడీలో బోర్లించాడు, దీపం వేసి జాడీని కావిలించుకున్నాడు. వీపున లాఠీలు పడుతున్నాయి. నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. చక్రం తిరుగుతోంది. బావా, బావా అని గొణిగాడు. ఎరుపు గులాబీ అయింది. చక్రం చివరి మలుపుకొచ్చింది. గులాబీ పాలలా తెల్లబడింది. చీమ మోచేత్తో మొదటి జాడీని కుదిపాడు, అడుగున దాక్కున్న ఎరుపు పైకి లేచింది.

ఛైర్మన్ చెయ్యి ఆగిపోయింది. గుమ్మం దాటబోతున్న మెరుపును గార్డులు పట్టుకున్నారు.

ఛైర్మన్ మంచినీళ్ళు అడిగాడు. ఎవరో గ్లాసు అందించారు. ఆయన దాన్ని దీపం ముందు పట్టి, ఇటూ అటూ తిప్పి, అడుగుకేసి చాలాసేపు చూసి, దాహం తీరిందని చెప్పి తిరిగిచ్చేశాడు.