రేసు కారుకు ఆయుధపూజ

మహర్నవమి నాడు కూడా నాగసుబ్బయ్య పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, దేవుడి గదిలోకి పోకుండా నేరుగా ముందు గదిలోకి పోయి ఆ కారు ముందర కూర్చున్నాడు. వంటింట్లో ఓళిగల పూర్ణం కలియబెడుతున్న అనసూయమ్మకు ఆయన కనిపించడం లేదు. కనిపించనక్కర్లేదు కూడా, చప్పుడును బట్టే చెప్పగలదు. సరసరమంటే మెత్తటి బ్రష్షుతో గేర్లలో దుమ్ము దులుపుతున్నాడు. గిర్రుమంటే చక్రాన్ని వేలితో తిప్పి బేరింగు బిగుసుకుందేమో చూస్తున్నాడు. ఏ చప్పుడూ లేదంటే భూతద్దం కంటికి పెట్టుకుని టైర్ల అరుగుదల చూస్తున్నాడన్నమాట.

"కాఫీ పెట్టినా. చల్లారిపోతాది!" అని పొయ్యి దగ్గర నుంచే కేకేసింది.

"ఊఁ" అన్నాడు.

అదీ ఆయన ఆమెతో ఆ పొద్దున మాట్లాడిన మాట. దాన్ని మాట అనొచ్చో లేదో మీరే చెప్పాలి.

ఆ కారుకు అనసూయమ్మ పెట్టిన పేరు సవతి. మూరెడుకు కొంచెం తక్కువ పొడుగు, వేలెడు ఎత్తు, నీలం రంగు పైకప్పు. బ్యాటరీతో నడిచేది, రిమోటు చేతిలో పట్టుకుని నున్నటి నేల మీద పరిగెత్తించేది. పిల్లల బొమ్మ అనుకుంటే పొరపాటు, దానికి పోటీలున్నాయి, పోటీలకు వచ్చే పెద్దమనుషులున్నారు. ఇంటికి ఎవరొచ్చినా అనసూయమ్మ కాఫీ చేతికిచ్చి, "మా ఆయన ముందు గదిలో నా సవతికి తల దువ్వుతాండాడు, కూర్చోండి, వస్తాడు" అనేది. వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వి వంటింట్లోకి పోయాక మాత్రం ఎందుకో గొంతులో ఏదో అడ్డం పడినట్టుండేది.

కర్నూలులో ఇళ్లకు పరిచే బేతంచెర్ల బండల కొట్టు వాళ్లది. పెళ్లయిన నాటి నుంచి ఆయన పగలంతా బేరాలాడి, లారీలు దింపించి, ఉన్న మాటలన్నీ కొట్లోనే ఖర్చు చేసి ఇంటికొచ్చేవాడు. వచ్చి అన్నం తిని పడుకునేవాడు. పోనీలే, సంసారం గడవాలి కదా అని సరిపెట్టుకుంది అనసూయమ్మ. రెండేళ్ల కిందట డాక్టరు ఎండలో తిరగొద్దన్నాడని కొట్టు కొడుకు శివప్రసాద్‌కు అప్పజెప్పినప్పుడు ఊరంతా అయ్యో అంటే, ఆమె ఒక్కతే లోలోపల సంబరపడింది. ఇంక ఈ మనిషి నాకు మిగిలాడు, పొద్దున కాఫీ తాగుతూ కాసేపు, సాయంత్రం పూలు కట్టుకుంటూ కాసేపు కబుర్లు చెప్పుకోవచ్చు అనుకుంది.

అంతలోనే ఆయన ఎవరిదో పెళ్లికని బెంగళూరు పోయి, అక్కడ ఆ కార్ల పోటీ చూసి, గాలి సోకినవాడిలా తిరిగొచ్చాడు.

ఇక చూడాలి ఆయన ఫోన్లు! రైల్వేలో చేసి రిటైరైన ప్రేమయ్య అనే స్నేహితుడికి కూడా అదే పిచ్చి. ఇద్దరూ గంటలు గంటలు. లోపల బెల్టుతో తిరిగే కారు కొనాలా, ఇనుప కడ్డీలాంటి షాఫ్టుతో తిరిగే కారు కొనాలా? బెల్టుదైతే మెత్తగా పోతుంది, కానీ ఇసుక రేణువు ఇరుక్కుంటే పళ్లు తినేస్తుంది. షాఫ్టుదైతే మూత లోపల ఉంటుంది కాబట్టి మన సీమ దుమ్ముకు తట్టుకుంటుంది. మోటారు మరీ జోరుది వద్దు, చేతికి లొంగేది చాలు. ఆర్నెల్లు ఇదే విచారణ. అనసూయమ్మ కంచం పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటూ, ఇంత మాట్లాడే మనిషా ఈయన అని ఆశ్చర్యపోయేది. ఆ గొంతులో ఉత్సాహం, ఆ నవ్వు, ఆ చేతులు తిప్పడం! ఆమెకు కారు మీద కోపం లేదు. ఆ గొంతు ఒక్కసారి తన వైపు తిరిగితే చాలుననిపించేది.

ఆమె ప్రయత్నించకపోలేదు. "ఈ తీగ ఎందుకండీ?" అని అడిగింది ఒకసారి. "బ్యాటరీని సగమే చార్జి చేసి డబ్బాలో పెడతాండారే, నిండా పెట్టకూడదా?" అని అడిగింది ఇంకోసారి. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"నీకు అర్థం కాదులే."

ఆ పూట నాగసుబ్బయ్య స్నానం చేసి అమ్మవారిశాలకు దర్శనానికి వెళ్లాడు. శివప్రసాద్ కొట్లో లారీకీ కాటాకూ పూజ చేయించడానికి పోయాడు. ఇంట్లో కోడలు హిమబిందు స్కూటరు కడిగి, కుట్టుమిషనుకూ మిక్సీకీ బొట్లు పెట్టి, తన కంప్యూటరుకు కూడా చిన్న బొట్టు పెట్టింది.

"అత్తా, అన్నిటికీ అయిపాయె. మామ కారు ఒకటే మిగిలింది. దానికి చెయ్యొద్దా?" అంది నవ్వుతూ.

"నా సవతికి నేను పూజ చెయ్యాల్నా? బాగుండాది!" అంది అనసూయమ్మ.

కోడలు స్నానానికి పోయింది. అనసూయమ్మ మాత్రం ముందు గది గుమ్మంలో నిలబడిపోయింది. ఆయనకున్న బండి ఇదొకటే కదా. ఇంట్లో మిక్సీకి దక్కిన బొట్టు దీనికి దక్కలేదని చూస్తే మనసు చివుక్కుమనదా? నేను చేశానని తెలిస్తే ఏమంటాడు? రెండు మాటలైనా అంటాడు కదా.

కారును రెండు చేతులతో ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయింది. పైకప్పు తీసి, కొళాయి పక్కన పెట్టి, చంటిపిల్లకు పోసినట్టు చెంబుతో నీళ్లు పోసింది. పసుపు నీళ్లు చల్లింది. తన పాత నూలు చీర చెంగుతో తడి లేకుండా తుడిచి, పైకప్పు మళ్లీ తొడిగింది. నాలుగు చక్రాలకూ గంధం, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసింది. నిమ్మకాయలు పెడితే ఆ పొట్టి కారు వాటి మీదికి ఎక్కలేదని, పల్చటి ముక్కలు కోసి ఒక్కో చక్రం కింద ఒక్కొక్కటి పెట్టింది.

నాగసుబ్బయ్య, వెనకే శివప్రసాద్ ఇంటికొచ్చేసరికి నట్టింట్లో స్కూటరు తాళాలు, కుట్టుమిషను, వాటి మధ్యలో నీలం కారు. ఆయన చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు.

"ఎవరు చేసినారు ఇది?"

"నేనే" అంది అనసూయమ్మ, కొంగు సరిచేసుకుంటూ. "పండగ పూట దానికి మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాల అని."

ఆయన ముఖం విచ్చుకుంది. ఫోనులో తప్ప ఎన్నో ఏళ్లుగా ఆమె చూడని నవ్వు అది. కారు దగ్గర గొంతుక్కూర్చుని, చామంతి దండను వేలితో ముట్టుకుని, ఆమె వైపు చూశాడు. నిజంగా చూశాడు. అనసూయమ్మకు కాళ్లు భూమ్మీద ఆనలేదు.

"కదిలించండి మరి, నిమ్మకాయలు తొక్కాల గదా" అంది.

ఆయన హుషారుగా డబ్బాలోంచి బ్యాటరీ తెచ్చి తగిలించి, రిమోటు మీట నొక్కాడు. కారు జానెడు దూరం దూకింది. చిటపటమంది. అగరొత్తుల వాసన మధ్యలోంచి సన్నటి పొగ, కాలిన ప్లాస్టిక్కు కంపు లేచాయి. చక్రాలు ఆగిపోయాయి. ఆయన గబుక్కున బ్యాటరీ పీకి, కారును తిరగేసి చూశాడు. లోపలి నుంచి పసుపు నీళ్లు రెండు బొట్లు నేల మీద పడ్డాయి.

"నీళ్లు పోసినావా?"

"బండికి పూజంటే కడగకుండా చేస్తారా? తుడిచినా గదా శుభ్రంగా..."

"కంట్రోలర్ కాలిపాయె! మోటారుకు కరెంటు ఇచ్చేదే అది. ఆదివారం పోటీ ఉండాది, అది బెంగళూరు నుంచి రావాల. ఏమీ తెలీని మనిషివి, దాని జోలికి నువ్వెందుకు పోయినావు? తెలీకపోతే అడగాల గదా!"

కొడుకు ముందర, కోడలి ముందర. అనసూయమ్మ చెంపలు మండిపోయాయి. ఎప్పటిలా తల దించుకుని వంటింట్లోకి పోయేదే, ఆ చివరి మాట అనకుండా ఉంటే.

"అడగలేదా నేను?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఎన్నిసార్లు అడగలేదు? తీగ గురించి అడిగినా, బ్యాటరీ గురించి అడిగినా. నీకు అర్థం కాదులే అంటిరి. నీళ్లు పడకూడదని ఒక్క ముక్క చెప్పుంటే నాకు తెలియకపోవునా? ఆర్నెల్లు దాన్ని ఎంచుకుంటిరి. దాని టైరు అరిగితే మీకు తెలుస్తాది. నా మోకాలు నొప్పి ఏ కాలుకో చెప్పండి చూద్దాం!"

నాగసుబ్బయ్య కారును మెల్లగా నేల మీద పెట్టాడు.

"అమ్మా, పండగ పూట..." అన్నాడు శివప్రసాద్.

"నువ్వుండు" అంది హిమబిందు భర్తతో, మెల్లగా. "అత్తను మాట్లాడనీ."

కానీ అనసూయమ్మకు కళ్లనీళ్లు వచ్చేశాయి. వంటింట్లోకి పోయి ఓళిగలు వత్తడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది. మధ్యాహ్నం విస్తళ్లు వేసి వడ్డించింది. నాగసుబ్బయ్య చారన్నం తిని లేచాడు, ఓళిగ ముట్టలేదు.

సాయంత్రం ఎండ వాలాక వంటింటి గుమ్మంలో నీడ పడింది. ఆ గుమ్మం దాటి ఆయన లోపలికి రావడం అరుదు.

"ఓళిగ ఉండాదా?" అన్నాడు.

ఆమె తట్టలో రెండు పెట్టి, నెయ్యి వేసి ఇచ్చింది. ఆయన ముందు గదికి పోలేదు. అక్కడే పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఎడమ కాలు" అన్నాడు, తల ఎత్తకుండా. "మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటావు. చూసినా. చూసి ఊరుకున్నా."

అనసూయమ్మ కడుగుతున్న గిన్నె పక్కన పెట్టింది.

"నీకు అర్థం కాదని కాదే. అరవై దాటినోడు బొమ్మతో ఆడతాండాడని బజార్లో అందరూ నవ్వుతాండారు. వాళ్లు నవ్వితే నాకేమీ కాదు. నువ్వు వచ్చినోళ్లకంతా సవతి సవతి అని చెప్పి నవ్వుతాంటే లోపల్నుంచి వింటాంటి. చెప్తే ఇంకా నవ్వుతావేమో అని..." ఓళిగ తుంచి, తినకుండా పట్టుకున్నాడు. "పొద్దున ఆ దండ చూసినప్పుడు, నువ్వు నవ్వడంల్యా అనుకున్నా. కాలిపోతే కాలిపోనీ. నోరు జారినా."

ఇంతకాలం తన గొంతులో అడ్డం పడిందేమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. తను తమాషాకన్న మాట గోడకు అవతల ఆయనకు గుచ్చుకుంటూనే ఉంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఆయన మాట్లాడడని తను, తను నవ్వుతుందని ఆయన, ఇన్నాళ్లు ఎంత వృథా చేసుకున్నారు!

"నేను నవ్వింది నవ్వొచ్చి కాదండీ" అంది. ఆయన అర్థమైనట్టు తల ఊపి, ఓళిగ నోట్లో పెట్టుకున్నాడు.

"ఆదివారం నాతో రా" అన్నాడు తట్ట కింద పెడుతూ.

"కారు ల్యాకుండా యాడికి?"

"కారు ల్యాకపోతే పోటీ చూడకూడదా? అందరి కార్లూ ఉంటాయి గదా."

ఆదివారం ఆమె కోడలి స్కూటరు మీద ఆయన వెనక కూర్చుని ఓర్వకల్లు దారి పట్టింది. రాళ్ల గుట్టల పక్కన మూతపడిన గోడౌను ముందు విశాలమైన సిమెంటు నేల. దాని మీద పాత టైర్లు పేర్చి మలుపులు చేశారు. ప్రేమయ్య ఎదురొచ్చి నమస్కారం పెట్టి ఆమెకు నీడలో కుర్చీ వేశాడు. రంగురంగుల కార్లు సన్నగా కీచుమంటూ కళ్ల ముందు నుంచి దూసుకుపోతున్నాయి.

నాగసుబ్బయ్య ఆమె పక్కన నేల మీదే చతికిలబడ్డాడు.

"ఆ ఎర్రకారు చూడు. మలుపు కాడ వెనక భాగం జారుతాండాది. వెనక టైరు గట్టిది వేసినాడు, వేడెక్కేదాకా పట్టదు. ఆ పచ్చది చూడు, మలుపు రాకముందే వేగం తగ్గిస్తాండాడు, లోపలి అంచు తాకి, బయటికొచ్చేటప్పుడు మీట వదలకుండా నొక్కుతాడు. అందరూ మలుపులో వేగంగా పోవాల అనుకుంటారు. కాదు. మలుపు నుంచి బయటికి వేగంగా రావాల. అదీ కిటుకు."

చేతులు తిప్పుతున్నాడు. నవ్వుతున్నాడు. గుమ్మంలో కంచంతో నిలబడి ఆమె విన్న గొంతు ఇదే. ఇప్పుడు ఎవరి ఫోనులోకో పోవడం లేదు, ఆమె ముఖంలోకి చూస్తూ పలుకుతోంది. అనసూయమ్మకు కార్లు మసకబారాయి. కొంగుతో కళ్లొత్తుకుని, దుమ్మనుకున్నాడేమో ఆయన అని పక్కకు చూసింది. ఆయన ఆమె జవాబు కోసమే చూస్తున్నాడు.

"అర్థమైందా?" అన్నాడు.

అంతా అర్థమైంది. ముందే నెమ్మదించాలి, లోపలి అంచు తాకాలి, బయటికొచ్చేటప్పుడు జోరు. పిల్లలకు పాఠంలా అప్పజెప్పగలదు.

"లేదండీ" అంది అనసూయమ్మ, కుర్చీ ఆయన వైపు జరుపుకుంటూ. "మొదట్నుంచి ఇంకోసారి చెప్పండి."