ఎదుటి గోడ దగ్గరి అమ్మాయి

"మా కుకీలు తిని అవతలి గోడ దగ్గర నిలబడతారా? సిగ్గు లేదూ?"

సిగ్రిడ్ మాటకు ఎమెట్ నములుతున్నవాడల్లా ఆగిపోయాడు.

బయట అమెరికాలోని అయోవా మంచు విరగబడి కురుస్తోంది. అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థిని ఎంచుకోవడానికి స్కూలు జిమ్‌లో ఊరంతా పోగైంది. ఎవరు ఏ అభ్యర్థి వైపో ఆ గోడ దగ్గర నిలబడాలి. తలలు లెక్కపెడతారు. తగినంతమంది లేని గుంపు చెదిరిపోవాల్సిందే. ఎమెట్ గవర్నర్ ఆష్బీ గోడకు పెద్ద. సిగ్రిడ్ సెనేటర్ ప్రూయిట్ గోడకు.

మొదటి లెక్కలో సిగ్రిడ్ గుంపుకు ఇద్దరు తక్కువయ్యారు. మనుషుల్ని ఒప్పించుకోవడానికి కాస్త గడువిచ్చారు. ఎమెట్ మళ్లీ వచ్చాడు.

"మా వైపు వచ్చేయండి. కాఫీ ఇప్పిస్తాను."

"కాఫీకి లొంగేదాన్నైతే ఈ చలిలో గడపగడపా తిరుగుతానా?"

"మా గడపకూ వచ్చారు. నేను తలుపు తీసేలోగా మాయం!"

"మీ కుక్క తరిమింది!"

"అది గవర్నర్ మనిషిలెండి."

నవ్వాపుకుంటూ సిగ్రిడ్ నేరుగా అతని గోడ దగ్గరికే నడిచింది. నీలం కోటు వేసుకున్న ఒక పెద్దావిడ ముందు ఆగింది.

"పోయినేడు మా అక్క కారులోనే కన్నదండీ, ఇలాంటి మంచులోనే. మన ఊళ్లో కాన్పుల వార్డు మూసేశారు కదా. అదృష్టం కొద్దీ ఇద్దరూ దక్కారు. ఎప్పుడూ అదృష్టాన్నే నమ్ముకుందామా? ఆ వార్డు మళ్లీ తెరిపిస్తానన్నది సెనేటర్ ఒక్కరే."



"ఆ వార్డులో నర్సుగా నా జీవితమంతా గడిచిందమ్మా," అంది ఆవిడ. పక్కనున్న స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. "పద జూన్, అటు పోదాం."

"అమ్మా! ఎక్కడికి?" ఎమెట్ కేకేశాడు.

సిగ్రిడ్ ముఖం ఎర్రబడింది. "మీ అమ్మగారా?"

"నిన్ను కన్నానురా, నా ఓటు నీకు రాసివ్వలేదు," అంది అతని తల్లి లొరెయిన్, వెనక్కి చూడకుండానే.

మళ్లీ లెక్కపెట్టారు. సిగ్రిడ్ గుంపు నిలిచింది. చప్పట్లు మోగుతుంటే ఎమెట్ ఆమె దగ్గరికొచ్చాడు.

"మా అమ్మనే లాగేశారు."

"మీరూ రండి."

"రాను. నా ఓటు గవర్నర్‌కే. కానీ మీ పక్కన ఉండాలనుంది. ఇన్నిసార్లు వచ్చింది ఓట్ల కోసం కాదు. రెండూ కుదురుతాయా?"

సిగ్రిడ్ అతని కళ్లలోకి చూసింది. "కుదురుతాయి. రోజూ వాదించుకోవాలి మరి."

"రోజూనా? అంతకన్నా ఏం కావాలి!"

"ఆదివారం భోజనానికి పిలవరా మొద్దూ!" అంది లొరెయిన్.

"వస్తానండీ. కానీ రాజకీయాలు మాట్లాడకుండా ఉండలేను."

"మాట్లాడు తల్లీ. ఇక మా ఇంట్లో మెజారిటీ మనదే!"