పూడ్చిన మెడలు

మ్యూజియం వెనకగదిలో పాతరాళ్ల పగుళ్లు పూడ్చడం నా పని. వాటి మీది రాత చదవడం మా బావ పని. బావంటే మా అక్క భర్త. తనకి తెలియనిది లేదని అతని ధీమా. నాకు మాత్రం అతని మీద మొదట్నుంచీ అనుమానమే.

ఆ రాయి ఏదో సమాధిలోది. దాని మీద రాతంటే బొమ్మలే. పక్షి ఒక అక్షరం, పడవ ఒకటి, కూర్చున్న మనిషి ఒకటి. కింది వరసలో అయిదుగురు మనుషులు, చివర ఇంకొకరు పట్టేంత ఖాళీ. మనుషులందరికీ మెడ దగ్గర సన్నటి గాటు. బావ జలుబని రెండు రోజులు సెలవు పెడితే, ఆ గాట్లన్నీ సున్నంతో ముచ్చటగా పూడ్చేశాను.

మూడోరోజు మధ్యాహ్నం వచ్చాడు. మఫ్లరు కొక్కేనికి తగిలించి, కళ్లజోడు సవరించుకుని రాయి చూసి కొయ్యబారిపోయాడు.

"ఎవరు పూడ్చమన్నారు నిన్ను?"

"పగుళ్లు కదా, బావా."

"పగుళ్లు కావు. రాసినవాళ్లే కోశారు. మెడ తెగి ఉంటేనే అది అక్షరం. లేకపోతే..."

"లేకపోతే ఏంటి, లేచొస్తుందా?"

బావ నవ్వలేదు. ఉలి తీసుకుని మెడలన్నీ మళ్లీ గీకడం మొదలుపెట్టాడు. పై అధికారి ముందు నన్ను పనికిరానిదాన్ని చేయాలనే ఈ ఎత్తు అనుకున్నాను. ఒళ్లు మండి టీకి వెళ్లిపోయాను.

అరగంటకి తిరిగొచ్చాను. గదిలో తడిమట్టి వాసన. ఉలి నేల మీద పడుంది. బావ లేడు, మఫ్లరూ లేదు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి. నా పని పాడుచేసి, ఫిర్యాదు చేయడానికి పరిగెత్తాడన్నమాట!

రాయి చూశాను. నలుగురి మెడలు గీకి ఉన్నాయి. అయిదోవాడి మెడకి గాటే లేదు. వేలితో తడిమితే సున్నం తగల్లేదు. రాయి వెచ్చగా ఉంది.

వంగి చూశాను... ఆ బొమ్మకి కళ్లజోడుంది.

"బావా..." అన్నాను.

ఫోను మోగింది. అక్క.

"ఏమే, మీ బావకేమైంది? చెప్పుల్లేకుండా ఇంటికొచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. మఫ్లరు తీయమంటే తీయడు."

"అక్కా... బయటికి వచ్చెయ్. ఇప్పుడే."

"ఉండవే. మఫ్లరు అంచున మెడకేదో తెల్లగా అంటుకుంది. సున్నంలా ఉంది... తుడుస్తా."

అరిచాను. ఫోను కిందపడ్డ చప్పుడు. తర్వాత, అటువైపు నుంచి, నిదానంగా గీకుతున్న చప్పుడు...

నా కళ్లముందే, వరస చివర ఖాళీలో, సన్నటి గీత ఒకటి మొదలైంది. గుండ్రంగా తిరిగింది. జుట్టుముడి.

అక్క ముడి ఎప్పుడూ కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. ఆ గీతా ఎడమకే ఒరిగింది.