కిటికీ గట్టు మీద సీసా

నరసాపురం రేవుకి వెళ్లే దారిలో ఒక ల్యాబు ఉంది. పోయిన చలికాలం దాని కిటికీకి చెడ్డ పేరొచ్చింది. తెల్లారకముందు అక్కడ నిండు చూలాలొకతె నిలబడుతోందని, పలకరిస్తే చీకట్లో కలిసిపోతోందని వాచ్‌మన్ సత్తియ్య ఒట్టేసి మరీ చెప్పాడు. నవ్వకండి... విని నవ్వలేనివాడొకడున్నాడు.

అతను సత్యప్రసాద్. అక్కడ మూత్ర పరీక్షలు చేసేది అతనే. గర్భిణులది గొట్టంలో పోసి, దీపం మీద కాచాలి. పైన తెల్లగా విరిగితే తల్లికి గండమే. కానీ జనం ఎక్కువైన రోజున మనవాడు కాచేవాడు కాదు. సీసాలో తేటగా కనిపిస్తే చాలు, ‘నిల్’, అంటే ఏ దోషమూ లేదని, రాసి పారేసేవాడు.

అంతకు ఏడాది ముందు రెబెక్కా అనే చూలాలు అలాంటి కాగితం పట్టుకునే ఇంటికెళ్లింది. నాలుగోనాడు ఫిట్సొచ్చి, కడుపులో బిడ్డతో సహా పోయింది.

అతన్నెవరూ ఒక్క మాటనలేదు. అందుకే అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

ఆ చలికాలంలోనే ఒకనాడు మంచు. చీకటుండగానే తలుపు తీశాడు. కరెంటు లేదు. ఫోను లైటు వేస్తే... కిటికీ గట్టు మీద సీసా.

ముట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. చీటీ మీద పేరు — రెబెక్కా, ఎనిమిదో నెల.

“ఈసారి కాస్తానమ్మా...” అని గొణుగుతూ దీపం వెలిగించాడు. గొట్టం పైభాగం మెల్లగా... తెల్లబడింది. ఒక్కోసారి ఉత్తినే తెల్లబడుతుంది, యాసిడ్ చుక్క వేస్తే పోతుంది. వేశాడు. పోవాలని మొక్కుకున్నాడు కూడా.

పోలేదు.

కిటికీ అవతల ఎవరో ఊపిరి పీల్చారు.

తలెత్తాడు. నిండు కడుపు... ఉబ్బిన మొహం... అవే కళ్లు!

“నేను బేబినండి,” అంది మెల్లగా. “రెబెక్కా చెల్లెల్ని. వారం నుంచీ వచ్చి, ఇవ్వడానికి మనసొప్పక వెళ్లిపోతున్నాను. డాక్టరమ్మ మళ్లీ ఇక్కడికే పంపిందండి.”

సత్యప్రసాద్ మరి నిలవలేదు. పరుగున వెళ్లి ఆటో పిలిచి, ఆమెని ఎక్కించి, తనూ ఎక్కి ఆస్పత్రికి పోనిమ్మన్నాడు. గొట్టం ఇంకా చేతిలోనే ఉంది. సగం దారిలో అడిగాడు, చీటీ మీద అక్క పేరెందుకని.

ఆమె బయటికి చూస్తూ చెప్పింది.

“ఆరోజు అక్క పక్కన నేనే ఉన్నానండి. మీరు సీసా మూతైనా తియ్యలేదు. నా పేరు రాస్తే నాదీ కాచరేమోనని...”