యాభై ఒకటి నాటి రైఫిల్

లెనార్డ్ స్ట్రౌడ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

“షెరీఫ్ ఆఫీసు డెప్యూటీ శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఈలోగా రైఫిల్ తెచ్చి అప్పజెప్పకపోతే కేసు కోర్టుకి పంపుతాడట. తియ్యని దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది, హోలిస్?”

హోలిస్ రెన్‌ఫ్రో కాగితం, పెన్సిలు దగ్గరికి లాక్కున్నాడు. వయోమింగ్‌లో ముప్పై ఏళ్లు పశువుల ముద్రలు తనిఖీ చేసిన మనిషి. పాత ముద్ర మీద కొత్త ముద్ర కాల్చి అమ్మిన దొంగ పశువుల్ని తోలు తడిమి పట్టుకునేవాడు. ఆ ఉద్యోగం అయ్యాక డ్రై ఫోర్క్‌లో డిటెక్టివ్ బోర్డు కట్టాడు. ఆ గదిలో మాటలన్నీ పెర్ల్ అమండ్‌సన్‌వే. స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆమె, హోలిస్ దగ్గర సాయానికి చేరి మూడేళ్లయింది. అతని బుర్ర మీద ఆమెకున్న నమ్మకం చర్చి మీద కూడా లేదు.

“రుజువైతే జైలేనా, లెనార్డ్?” అంది పెర్ల్.

“జైలుదేముంది. తుపాకీ దొంగని శిక్ష పడితే ఇక జన్మలో తుపాకీ ముట్టుకోకూడదు. నా ఇరవై రెండూ పట్టుకుపోతారు.”

ఆ ఇరవై రెండూ అతను పుట్టిన 1951లో తయారైనవే. నలభై ఏళ్లుగా వేరే ఏడాదివి ఉచితంగా ఇస్తామన్నా తీసుకోలేదు. ఊళ్లో అతణ్ణి యాభై ఒకటి లెనార్డ్ అనే పిలుస్తారు.

“మొదట్నుంచీ చెప్పు,” అన్నాడు హోలిస్.

పోయిన శుక్రవారం తుపాకుల సంత మొదటిరోజు. ఎర్విన్ హాస్ బల్ల మీద పద్నాలుగు రైఫిళ్లు. అందులో కింద మీట ఉన్న ఒకదానికి ‘1951’ అని అట్టముక్క కట్టి ఉంది. లెనార్డ్ దగ్గర లేని రకం. పొద్దున్నే బేరమాడి, మధ్యాహ్నందాకా తన కోసం ఉంచమన్నాడు. భోజనాల వేళ అందరూ బల్లల మీద దుప్పట్లు కప్పి వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఎర్విన్ దుప్పటి కింద పదమూడే ఉన్నాయి.

“నువ్వప్పుడు ఎక్కడున్నావు?”

“ఇంటికెళ్లిపోయా. నాకది అక్కర్లేకపోయింది.”

పెర్ల్ కళ్లజోడు పైకి తోసుకుంది. “నీకా? యాభై ఒకటిది అక్కర్లేకపోయిందా?”

“అది యాభై ఒకటిది కాదు తల్లీ. అట్టముక్క, తుపాకీ మీది నంబరుకి ఏడాది చెప్పే పుస్తకం చూసి రాసింది. పుస్తకం ఉజ్జాయింపు లెక్క. ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని దస్త్రాలు మ్యూజియంలో ఉన్నాయి. వాళ్లకి ఫోన్ చేసి నంబరు చెప్తే, అది పూర్తయిన రోజు చదివి చెప్పారు. నవంబరు పదిహేడు, యాభై. సరిగా వినబడక రెండుసార్లు అడిగి, పైకి చెప్పుకుంటూ రాసుకున్నా.”

“ఫోన్ ఎక్కణ్ణుంచి?”

“గుమ్మం పక్క కుర్చీలోంచి. ఆ రేకుల షెడ్డులో సెల్లు పలికేది అక్కడొక్కచోటే.”

“ఈ సంగతి ఎర్విన్‌కి చెప్పలేదేం?”

“పక్కవాడి బల్ల ముందు నిలబడి సరుక్కి వంక పెడతామా? ఊరుకుని వచ్చేశా. తర్వాత డెప్యూటీకి చెప్తే, పుస్తకంలో యాభై ఒకటి అనే ఉందిగా పెద్దాయనా, అన్నాడు.”

మర్నాడు హోలిస్, పెర్ల్ సంత జరిగిన షెడ్డుకి వెళ్లారు. సంత ముందురోజుతో ముగిసింది; ఎర్విన్ మడత బల్లలు సర్దుతున్నాడు.

“వాడే తీశాడు,” అన్నాడు. “నా బల్ల మీద దానికంటే పదింతలు విలువైనవి ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. మామూలు దొంగైతే అలా వదుల్తాడా? ఆ ఏడాది పిచ్చి ఉన్నవాడే తీస్తాడు.”

“ఆ మాట నిజమే,” అన్నాడు హోలిస్. “అట్టముక్క ఎక్కడ దొరికింది?”

“లెనార్డ్ కూచున్న కుర్చీ కిందే. ఇదిగో.”

హోలిస్ దాన్ని వెలుగులో పట్టుకుని అట్ట చూడలేదు, దారం చూశాడు. ముడి విప్పలేదు. తెగిన కొస రెండు వైపులా నొక్కుకుపోయి చదునుగా ఉంది. దాన్ని పెర్ల్ అరచేతిలో పెట్టాడు.

గుమ్మం దగ్గర గ్లెన్ పర్విస్ పెట్టె సర్దుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా సంత గుమ్మం కాసేది అతనే. లోపలికొచ్చే ప్రతి తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసి, పేలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగిస్తాడు. వదులైన పట్టీ కనిపిస్తే ఆ తుపాకీని తన బల్ల దగ్గరికి తెచ్చి కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి కొత్తది వేస్తాడు. బయటికెళ్లే వాటికి అమ్మకం చీటీ చూస్తాడు.

“లెనార్డ్ బయటికెళ్లడం చూశావా, గ్లెన్?”

“చూళ్లేదు. నేను సూపు కోసం వంటగది వైపు వెళ్లినప్పుడు పోయుంటాడు.”

“అతను మీకు బాగా తెలుసా?” అంది పెర్ల్.

“తెలీకేం? బళ్లో నాకంటే ఒక తరగతి కింద. అప్పట్నుంచీ మొండిఘటమే.”

“మీ దగ్గరెన్ని తుపాకులున్నాయి?”

గ్లెన్ నవ్వాడు. “ఒక్కటీ లేదమ్మా. ఊరివాళ్లవి ముట్టుకుని ముట్టుకుని నా ముచ్చట అక్కడే తీరిపోయింది.”

తిరిగి వస్తుంటే గాలికి బండి పక్కకి జరుగుతోంది. హోలిస్ దార్లో ఆపించి మ్యూజియానికి ఫోన్ చేశాడు. ఒకటే ప్రశ్న అడిగి, విని, పెట్టేశాడు.

“ఏమన్నారు?” అంది పెర్ల్.

“ఆ నంబరుకి తయారీ తేదీ ధ్రువపత్రం కావాలని సోమవారం ఎవరో దరఖాస్తు పెట్టారట. పేరు చెప్పకూడదట.”

“సోమవారమా? రైఫిల్ పోయింది శుక్రవారం కదా?”

“ఊఁ. బండి పోనియ్.”

గురువారం మధ్యాహ్నం హోలిస్ అందర్నీ షెడ్డులో కూర్చోబెట్టాడు. లెనార్డ్, ఎర్విన్, గ్లెన్, డెప్యూటీ ట్రావిస్ కోల్బ్. పెర్ల్ తెచ్చిన పళ్ల కేకు ఎవరూ ముట్టుకోలేదు.

“ఎర్విన్ మొదటే సగం చెప్పేశాడు,” అన్నాడు హోలిస్. “విలువ చూసి తీసిన దొంగ కాదు, పుట్టుక చూసి తీసిన దొంగ. మిగతా సగం దగ్గర తప్పాడు. ఆ రైఫిల్ యాభై ఒకటిది కాదని లెనార్డ్‌కి తెలుసు. తెలిశాక అతనికది కర్రతో సమానం. ఆ తేదీ అతను పైకి చెప్పుకుంది గుమ్మం పక్క కుర్చీలో, అక్కడున్నవాళ్లకి వినబడేలా.”

“ఆ మాట అతనే కదా అంటున్నాడు,” అన్నాడు ట్రావిస్.

“మ్యూజియం వాళ్లూ అంటున్నారు బాబూ, ఫోన్ చేసుకో. ఇక ఈ దారం చూడు. చాకుతో కోస్తే పోగులు లేస్తాయి. ఇది నొక్కుకుని తెగింది. కటింగ్ ప్లేయర్ పని. సంతలో అది ఉండేది ఒక్క బల్ల మీదే. దుప్పటి కింద చెయ్యి పెట్టి రైఫిల్ తీసి నడవాలో మోసుకెళ్తుంటే ఎవరూ తలెత్తి చూడని మనిషి కూడా ఒక్కడే. వీళ్లందరూ ముప్పై ఏళ్లుగా ప్రతి సంతలోనూ చూస్తున్న దృశ్యమే అది.”

గ్లెన్ కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

“చివరిది. తీసినవాడు ఊరుకుంటే దొరికేవాడు కాదు. కానీ పుట్టినేటి తుపాకీ చేతికొచ్చినవాడికి కాగితం లేకపోతే నిద్ర పట్టదు. దొంగసొత్తుకి ధ్రువపత్రం కోసం సంతకం పెట్టి దరఖాస్తు పంపాడు. మీమీ డ్రైవింగ్ లైసెన్సులు తీసి బల్ల మీద పెట్టండి. పుట్టిన తేదీ ఉంటుంది.”

ఎర్విన్ పెట్టాడు. ట్రావిస్ కూడా పెట్టాడు. గ్లెన్ పర్సు తీసి, తెరవకుండా అలాగే పట్టుకున్నాడు.

“నవంబరు పదిహేడు, యాభై,” అన్నాడు. “ఏడాది కాదు, రోజుకి రోజు. నేను అమ్మ పక్కలో పడ్డ పూటే దాన్నెవరో అక్కడ బిగించి పక్కన పెట్టారు. అలాంటిది రెండోది ఉండదు.”

“కొనుక్కోవచ్చుగా,” అన్నాడు ఎర్విన్.

“నీ దగ్గరా? లెనార్డ్ చెయ్యేసి ఉన్నదాన్ని నాకియ్యమంటే ఎందుకని అడుగుతావు. చెప్తే మూడింతలు అంటావు.”

“అంటా,” అన్నాడు ఎర్విన్.

లెనార్డ్ గ్లెన్ వైపు తిరిగాడు. “నేను ఉత్త చేతుల్తో వెళ్లడం చూశావు కదా, గ్లెన్?”

“చూశా.”

“అయినా వారం రోజులు నన్ను దొంగననిచ్చావు.”

గ్లెన్ తల దించుకున్నాడు. లేచి వెళ్లి, తన బండిలోంచి నూనెగుడ్డ చుట్టిన రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పలేదు.

“నన్నడిగితే నేనే కొని నీ చేతిలో పెట్టేవాణ్ణి కదయ్యా,” అన్నాడు లెనార్డ్. “ఆ ధరకే. తేదీ ఎర్విన్ చెవిన పడనిచ్చేవాణ్ణి కాదు.”

ట్రావిస్ తన లైసెన్సు తీసి జేబులో పెట్టుకున్నాడు. “ఎర్విన్ ఫిర్యాదు నిలబెడితే ఇది కోర్టుకి పోతుంది. ఈయన ఇక తుపాకీ ముట్టుకోవడం ఉండదు. వెనక్కి తీసుకుంటే ఇక్కడితో సరి.”

“నా రైఫిల్ నాకొచ్చింది,” అన్నాడు ఎర్విన్. “పరువు పోయింది లెనార్డ్‌ది. అతణ్ణే చెప్పనీ.”

రేకుల మీద గాలి మోగుతోంది. పెర్ల్ హోలిస్ వైపు చూసింది. హోలిస్ నేల చూస్తున్నాడు. లెనార్డ్ రైఫిల్ మీది గుడ్డ అంచు సర్దాడు.

“ఫిర్యాదు తీసెయ్,” అన్నాడు. “ఎవడిచేతా తుపాకీ మాన్పించను. ఆ బాధ ఏమిటో ఈ వారం చూశా. కానీ ఇకమీదట గుమ్మం దగ్గర ఇతను కూచోకూడదు.”

గ్లెన్ తలాడించాడు. టోపీ పెట్టుకుని, అలవాటు కొద్దీ గుమ్మం వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి, వంటగది తలుపులోంచి బయటికి వెళ్లిపోయాడు.